మూలుగలో పుట్టు క్యాన్సర్లు: పేరు, పద్దు, లెక్క

క్యాన్సరు అనగానే మనకు స్ఫురించునది గడ్డ. నోటిలోనో, రొమ్ములోనో, కడుపులోనో ఒక గడ్డ పుట్టి పెరుగుట, వైద్యుడు దానిని కోసి తీసివేయుట, ఇదియే సామాన్యముగా జనులెరిగిన క్యాన్సరు. కాని గడ్డ కట్టక, కత్తికి అందక, రక్తముతో పాటు దేహమంతటను సంచరించు క్యాన్సర్లు కొన్ని కలవు. వానిలో మైలాయిడ్ వర్గము ఒక పెద్ద కుటుంబము. ఈ వ్యాధులు ఎట్టివి, వానికి పేర్లు ఎట్లు ఏర్పడినవి, ఒక ప్రాంతమున ఇవి ఎందరికి వచ్చినవో లెక్క వ్రాయు పద్ధతి యేది అను విషయములను ఈ వ్యాసమున తెలిసికొందము. ఆ లెక్క సరిగా వచ్చుటలో రోగికిని, వాని బంధువులకును కూడ పాత్ర కలదు. కావున ఇది విద్యార్థులతో పాటు తలిదండ్రులును చదువదగిన విషయము.

రక్తము పుట్టు చోటు

ఎముకల లోపల నుండు మెత్తని పదార్థమును మనము మూలుగ అందుము. శాస్త్రగ్రంథములలో దీనికి అస్థిమజ్జ యని పేరు. రక్తకణములు పుట్టునది ఇక్కడనే యని 1868లో ఎర్నెస్ట్ నాయ్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఎర్రకణము ఆయుర్దాయము సుమారు 120 దినములు. కాలము తీరిన కణముల స్థానమును నింపుటకై ఆరోగ్యవంతుని మూలుగ ప్రతిదినము దాదాపు 20,000 కోట్ల ఎర్రకణములను తయారుచేయును.

ఈ కణములన్నిటికిని మూలపురుషుల వంటివి మూలుగలోని మూలకణములు. వాని సంతతి రెండు శాఖలుగా చీలును. మొదటిది లింఫాయిడ్ శాఖ. రెండవది మైలాయిడ్ శాఖ. గ్రీకు భాషలో మూలుగకు గల పేరునుండి ఈ మాట వచ్చినది. ప్రాణవాయువును మోయు ఎర్రకణములు, సూక్ష్మజీవులతో పోరాడు తెల్లకణములలో అధికభాగము, గాయమైనచోట రక్తమును గడ్డకట్టించు రక్తఫలకికలు, ఈ మూడును మైలాయిడ్ శాఖలోనివే.

ప్రతి కణమును పసిదశలో పుట్టి, క్రమక్రమముగా పక్వమై, తన పనికి తగినదైన పిదపనే మూలుగను విడిచి రక్తములోనికి ప్రవేశించును. మూలకణములోని జన్యువులు చెడినప్పుడు ఈ క్రమము తప్పును. అది తప్పు తీరులు ముఖ్యముగా మూడు.

మొదటిది, పసికణములు ఎదుగుట మాని, ఎదుగకయే విపరీతముగా పెరిగిపోవుట. పనికిరాని ఈ పసికణములు మూలుగను ఆక్రమించుటచే మంచి కణములకు చోటుండదు. రోగి పాలిపోవును, జ్వరము తగ్గదు, చిగుళ్లనుండి రక్తము కారును. ఇది తీవ్ర మైలాయిడ్ లుకేమియా. చికిత్స లేనిచో వారములలో, నెలలలో ప్రాణము తీయగలదు.

రెండవది, కణములు పక్వమగుచునే అవసరమునకు మించి పుట్టుట. తెల్లకణములు మితిమీరినచో దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా; ఎర్రకణములు మితిమీరినచో పాలిసైథీమియా వెరా; ఫలకికలు మితిమీరినచో ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా. సామాన్యముగా ఒక ఘనమిల్లీమీటరు రక్తములో 4,000 మొదలు 11,000 వరకు ఉండవలసిన తెల్లకణములు దీర్ఘకాలిక లుకేమియాలో లక్షకు మించుటయు కలదు. ఈ రోగులలో ప్లీహము పెరుగును. పల్లెలలో దీనినే ‘కడుపులో బల్ల పెరిగినది’ అందురు. మలేరియావలన కూడ ప్లీహము పెరుగును గనుక రక్తపరీక్ష లేకుండ వ్యాధిని నిర్ణయించుట తగదు.

మూడవది, మూలుగ శ్రమించి కణములను పుట్టించుచున్నను అవి వికృతములై అక్కడనే నశించుట. వీనిని మైలోడిస్‌ప్లాస్టిక్ వ్యాధులందురు. ఇవి ఎక్కువగా వృద్ధులకు వచ్చును. పైకి కనిపించునది తగ్గని రక్తహీనతయే. కొందరిలో ఈ వ్యాధి కాలక్రమమున తీవ్ర లుకేమియాగా మారును.

పేర్లు మారిన కథ

1845లో ఎడింబరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లినులో రుడాల్ఫ్ విర్కో అను ఇరువురు వైద్యులు మరణించిన రోగుల రక్తమును పరీక్షించి, దానిలో తెల్లని పదార్థము అపారముగా నుండుటను వేరువేరుగా గమనించిరి. బెన్నెట్ దానిని చీము అని తలచెను. విర్కో అది చీము కాదనియు, రక్తములో సహజముగా నుండు తెల్లకణములే పెరిగినవనియు వాదించి, 1847లో దానికి లుకేమియా అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి ‘తెల్లని రక్తము’ అని అర్థము.

పిమ్మట పాల్ ఎర్లిక్ కణములకు రంగులద్ది చూచు పద్ధతులను కనిపెట్టెను. ఏ కణము ఏ శాఖలోనిదో సూక్ష్మదర్శినిలో గుర్తించుటకు మార్గమేర్పడినది. 1951లో అమెరికా వైద్యుడు విలియం డామెషెక్, కణములు మితిమీరి పుట్టు వ్యాధులు పైకి వేరువేరుగా కనిపించినను ఒకదానికొకటి బంధువులని చెప్పి, వానినొక వర్గముగా కూర్చెను.

1960లో ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగుల కణములలో ఒక క్రోమోజోము మిక్కిలి చిన్నదై యుండుటను కనుగొనిరి. 1973లో షికాగోలో జానెట్ రౌలీ దాని రహస్యమును విప్పెను. 9వ క్రోమోజోము తునకయు, 22వ క్రోమోజోము తునకయు విరిగి స్థానములు మార్చుకొనుటయే దీనికి కారణము. ఆ అతుకుచోట పుట్టిన కొత్త జన్యువు కణమును ఆగకుండ పెంచుచుండును. కారణము తెలియగా ఔషధమునకు దారి దొరికినది. ఆ కొత్త జన్యువు చేయు పనిని అడ్డగించు ఇమాటినిబ్ అను మాత్ర 2001లో అమెరికాలో ఆమోదము పొందెను. అంతకుముందు ప్రాణాంతకమైన ఈ వ్యాధితో నేడు అనేకులు మాత్రలు వేసికొనుచు తమ పనులు తాము చేసికొనుచు జీవించుచున్నారు.

తీవ్ర లుకేమియాల విషయమున 1976లో ఫ్రెంచి, అమెరికా, బ్రిటిషు వైద్యులు కూడి కణముల రూపమును బట్టి తరగతులేర్పరచిరి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపముతో పాటు జన్యువుల మార్పును కూడ ప్రమాణముగా గైకొనెను. మూలుగలో పసికణములు నూటికి 30 ఉన్నగాని తీవ్ర లుకేమియా యనరాదని పూర్వనియమము. దీనిని 20కి తగ్గించిరి. 2005లో జాక్-2 అను జన్యువులోని ఒక మార్పు పాలిసైథీమియా వెరా రోగులలో అత్యధికులలో కలదని తేలినది. మరల 2022లో ఈ వర్గీకరణ సవరింపబడినది.

ఇన్నిమార్లు పేర్లు మార్చుటెందుకని విద్యార్థులు అడుగవచ్చును. సమాధానమునకు ఒక ఉదాహరణము చాలును. తీవ్ర మైలాయిడ్ లుకేమియాలలో ప్రోమైలోసైటిక్ అను రకమొకటి కలదు. రక్తస్రావముతో రోగులను శీఘ్రముగా హరించుటలో ఇది పేరుమోసినది. ‘ఎ’ విటమినుకు సంబంధించిన ఒక ఔషధముతో షాంఘై వైద్యులు ఈ రోగులకు వ్యాధిశమనము కలిగించి 1988లో ఆ ఫలితములను ప్రకటించిరి. పాషాణముతో చేసిన మందును కూడ పిదప దానికి జోడించిరి. నేడు తీవ్ర లుకేమియాలలో ఎక్కువగా నయమగునది ఈ రకమే. కాని ఆ ఔషధము ఇతర రకములపై అట్లు పనిచేయదు. కావున ‘రక్తపు క్యాన్సరు’ అని మాత్రము వ్రాసి విడిచిన చీటి రోగికి చాలదు. ఏ రకమో తెలిసిననే మందు తెలియును.

రిజిస్టరు అనగా నేమి?

ఒక్క రోగికి పేరు ఎంత ముఖ్యమో, ఒక దేశమునకు లెక్క అంత ముఖ్యము. ఒక ప్రాంతమున నివసించువారిలో క్యాన్సరు వచ్చిన ప్రతివానిని గూర్చి వివరములు సేకరించి భద్రపరచు పట్టికను క్యాన్సరు రిజిస్టరు అందురు. దేశమంతటికిని వర్తించు రిజిస్టరును డెన్మార్కు 1942లో స్థాపించెను. మనదేశమున జనసంఖ్యను ఆధారముగా గొన్న మొదటి రిజిస్టరు 1963లో బొంబాయిలో ప్రారంభమైనది. భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ కార్యక్రమమును స్థాపించగా, 1982 నుండి బెంగుళూరు, మద్రాసు నగరములలో కూడ ఇట్టి లెక్క ఆరంభమైనది. గ్రామీణులకై మొదటి రిజిస్టరు 1987లో బార్శీలో ఏర్పడినది. నేతపనిపై తరతరములుగా తెలుగువారు స్థిరపడిన షోలాపురము జిల్లాలోనిదే ఈ బార్శీ. ఈ విధముగా మనదేశపు తొలి రిజిస్టర్లు నెలకొన్న ప్రాంతములలో పెక్కింట తెలుగు కుటుంబములు చిరకాలముగా నివసించుచునే యున్నవి.

ఆసుపత్రి లెక్కకును, ప్రాంతపు లెక్కకును భేదము కలదు. ఆసుపత్రికి ఎక్కడివారైనను వత్తురు. అక్కడ నూరుగురు రోగులుండిరన్నంత మాత్రమున ఆ ఊరిలో వ్యాధి అధికమని చెప్పరాదు. ప్రాంతపు రిజిస్టరు అచ్చటి నివాసులను మాత్రమే లెక్కించును. వారు చికిత్సకై పరాయి ఊరికి పోయినను వారి పద్దు స్వస్థలమునకే చేరవలెను. పిమ్మట ఆ సంఖ్యను జనసంఖ్యతో భాగించి, లక్షమందికి ఏడాదికి ఇందరని చెప్పుదురు. వృద్ధులెక్కువగా నుండు ఊరిని, పిల్లలెక్కువగా నుండు ఊరితో పోల్చుటలో పొరపాటు రాకుండ వయస్సును బట్టి సరిచూచు గణితము వేరుగా కలదు.

అంకెలలో వ్యాధి పేరు

మైలాయిడ్ వ్యాధుల పేర్లు పొడవైనవి. ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క విధముగా వ్రాయును. అందువలన ప్రపంచమంతటను ఒకే విధముగా చదువుకొనుటకై 1976లో క్యాన్సర్లకొక అంకెల నిఘంటువు వెలువడినది. దీనిలో ప్రతి వ్యాధికిని నాలుగంకెల సంఖ్యయు, గీత పిమ్మట స్వభావమును తెలుపు ఒక అంకెయు ఉండును. 0 అనగా నిరపాయము. 1 అనగా అపాయమో కాదో సందిగ్ధము. 3 అనగా నిశ్చయముగా క్యాన్సరు. ఈ పద్ధతిలో దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, అందలి జన్యుమార్పు నిర్ధారణయైనచో, 9875/3. ప్రోమైలోసైటిక్ రకము 9866/3. వ్యాధి పుట్టుచోటుకు వేరొక సంకేతము. లుకేమియాలకు అది మూలుగ, అనగా సి 42.1.

గీత వెనుక నుండు ఆ చిన్న అంకె ఎంతటిదో చూడుడు. పాలిసైథీమియా వెరా, ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా, మైలోడిస్‌ప్లాస్టిక్ వ్యాధులు మొదట 1 అను గుర్తుతో ఉండెడివి. అవి సందిగ్ధములు గనుక క్యాన్సరు లెక్కలలో చేరెడివి కావు. 2000లో వెలువడిన మూడవ కూర్పులో వానికి 3 అను గుర్తు నిచ్చిరి. అమెరికాలో 2001 నుండి కనుగొనబడిన ఈ రోగులందరును క్యాన్సరు లెక్కలోనికి వచ్చిరి. ఆ పట్టికలను పైపైన చూచువానికి ఒక్క ఏటిలో కొత్త వ్యాధులేవో పుట్టుకొని వచ్చినట్లు తోచును. నిజమునకు రోగులు పూర్వమును ఉండిరి. వారికి పద్దు లేకుండెను. అంతే.

ఇంకొక చిక్కు కూడ కలదు. మరణకారణములను వ్రాయుటకు బహుకాలము వాడబడిన అంతర్జాతీయ పట్టిక పదవ కూర్పులో మైలాయిడ్ లుకేమియా సి 92 అను క్యాన్సరు విభాగమున నుండగా, పై వ్యాధులు డి 45, డి 46, డి 47 అను సందిగ్ధ విభాగమున నున్నవి. క్యాన్సరు రోగుల చీటీలను వెదకువాడు ‘సి’ అక్షరమును మాత్రమే చూచినచో వీరందరు తప్పిపోదురు. కావున రిజిస్టరు ఉద్యోగి ‘డి’ విభాగమును కూడ విడువకుండ చూడవలెను.

ఒకే రోగిని రెండుసార్లు లెక్కించు ప్రమాదము మరియొకటి. మైలోడిస్‌ప్లాస్టిక్ వ్యాధి కొన్నియేండ్లకు తీవ్ర లుకేమియాగా మారినదనుకొందము. ఇది కొత్త వ్యాధియా, పాతదియే ముదిరినదా? అంతర్జాతీయ నియమములలో మైలాయిడ్ వర్గమంతయు ఒకే కుటుంబముగా ఎంచబడినది గనుక ఆ రోగి ఒక్కసారియే లెక్కకు వచ్చును. అమెరికా నియమములు కొంత వేరు. కావున రెండు దేశముల అంకెలను పోల్చువారు ముందుగా ఏ నియమము అనుసరింపబడినదో విచారింపవలెను.

ప్రతి పద్దులోను వ్యాధి నిర్ధారణకు ఆధారమేదో కూడ వ్రాయుదురు. రక్తపు చుక్కను చూచి చెప్పినదా, మూలుగను తీసి పరీక్షించి చెప్పినదా, మరణపత్రములో మాత్రమే కనిపించినదా? మరణపత్రము తప్ప వేరాధారము లేని పద్దులు ఎక్కువైనచో ఆ రిజిస్టరు బలహీనమని గ్రహించవలెను.

లెక్కవలన ఫలమేమి?

1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన పిదప బ్రదికినవారిలో లుకేమియా రోగులను జాగ్రత్తగా నమోదు చేసిరి. కొన్నియేండ్లలోనే ఆ వ్యాధి హెచ్చినట్లును, కిరణముల తాకిడి ఎక్కువైనకొలది వ్యాధియు ఎక్కువైనట్లును తేలినది. మైలాయిడ్ లుకేమియాలు వీనిలో ముఖ్యమైనవి. కిరణములతో పనిచేయువారిని నేడు కాపాడుచున్న కట్టుబాట్లకు ఆ లెక్కలు ఆధారములలో ఒకటి. అట్లే బెంజీను అను ద్రవపు ఆవిరిని దీర్ఘకాలము పీల్చు కార్మికులకు తీవ్ర మైలాయిడ్ లుకేమియా కలుగునని తెలిసినది కూడ రోగుల లెక్కలను పరిశీలించుటవలననే. ఒక జిల్లాకు ఎందరు రక్తవ్యాధి నిపుణులు కావలెను, ఎంత ఔషధము నిలువయుండవలెను అను ప్రశ్నలకును ఈ పట్టికలే సమాధానము చెప్పవలెను.

మనము చేయదగిన పనులు

ఇప్పుడు మనబోటి కుటుంబములకు సంబంధించిన మాట. అనంతపురమునుండియో చిత్తూరునుండియో బంధువొకడు చికిత్సకై బెంగుళూరికో మద్రాసుకో వచ్చును. ఆసుపత్రిలో చిరునామా అడిగినప్పుడు ఉత్తరములు సులువుగా చేరునని తాము దిగిన బంధువుల యింటి చిరునామా వ్రాయింతురు. దీనివలన అనంతపురపు రోగి బెంగుళూరు నివాసియై పద్దుకెక్కును. స్వంత జిల్లాలో ఒక రోగి తగ్గును. సాధారణముగా కనీసము ఒక సంవత్సరము నివసించినవానినే ఆ ప్రాంతవాసిగా ఎంచుదురు. కావున స్థిరనివాసమును, తాత్కాలికపు బసను వేరువేరుగా చెప్పవలెను.

పేరు విషయము మరియొకటి. ఇంటిపేరు ముందు వ్రాయుట మన ఆచారము. మహారాష్ట్రమున అది చివర వచ్చును. తమిళనాట తండ్రిపేరు మొదటి అక్షరము ముందు నిలుచును. ఒకే తెలుగువాడు మూడు ఆసుపత్రులలో మూడు విధములుగా వ్రాయబడినచో, రిజిస్టరులో ముగ్గురు రోగులుగా కనిపించు అవకాశము కలదు. గుర్తింపు పత్రములో నున్న విధముననే ప్రతిచోటను పేరు వ్రాయించుట, వయస్సు నిజముగా చెప్పుట మేలు. ఇంటిలో ఇంగ్లీషు గాని ప్రాంతభాష గాని చక్కగా చదువగలవారు పెక్కుసార్లు బడిపిల్లలే. తాతకో అవ్వకో తోడుగా పోయినప్పుడు చీటిలో పేరును, ఊరును సరిగా నున్నవో లేవో చదివి చూచుట వారికి కష్టమైన పని కాదు.

వృద్ధులకు రక్తహీనత సహజమేనని ఉపేక్షించుట కూడ తగదు. రక్తహీనతకు ఇనుపధాతువు లోపము మొదలైన సామాన్యకారణములే ఎక్కువ. వానికి చికిత్స సులభము. కాని మందు వాడినను తగ్గనిచో వైద్యుడు మూలుగ పరీక్ష చేయింపుమని చెప్పవచ్చును. తుంటియెముక నుండి సూదితో కొంచెము మూలుగను తీయుదురు. నొప్పి తెలియకుండ ముందుగా మందు నిత్తురు. దీనికి వెరచి వెనుదీసినచో వ్యాధికి పేరు తెలియదు; పేరు తెలియనిచో తగిన మందును లేదు, పద్దును లేదు. ఇక పరీక్ష చేయించిన పిదప ఆ కాగితములను పారవేయక, తేదీల వరుసను ఒక సంచిలో భద్రపరుపవలెను. ఏండ్లు గడచి వ్యాధి మారినను, వైద్యుడు మారినను, ఊరు మారినను ఆ సంచియే రోగి చరిత్రను చెప్పును.

రిజిస్టరులో పేరు వ్రాయించినచో ఊరందరికిని తెలియునను భయము కొందరికి కలదు. రోగుల పేర్లు గోప్యముగా ఉంచబడును. ప్రకటింపబడునవి సంఖ్యలు మాత్రమే. క్యాన్సరు అంటువ్యాధి కాదు గనుక దాచవలసిన పనియు లేదు. రిజిస్టరు తరపున వచ్చినవారు ప్రశ్నించినప్పుడు వారి గుర్తింపును చూచి, తెలిసినంత మట్టుకు నిజము చెప్పిన చాలును. వారు వ్రాసికొను ఆ ఒక్క పంక్తి మన యింటి రోగికి వెంటనే ఉపకరింపక పోవచ్చును. కాని ఎక్కడ ఏ వ్యాధి ఎందరిని బాధించుచున్నదో తెలిసికొనుటకు అట్టి పంక్తులు తప్ప వేరు సాధనము లేదు. మన పంక్తి తప్పిపోయినచో, మనవంటి రోగులకొరకు ఆలోచించువారి లెక్కలో మనము లేనట్లే.